సెట్ నొక్కినా పట్టుకోని క్రూజ్ కంట్రోల్: మాడ్యూల్ మార్చే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇది. 1998 మోడల్ సెడాన్, పెట్రోలు ఇంజిను, మాన్యువల్ గేర్లు. క్రూజ్ (కాలు తీసినా పెట్టిన వేగాన్ని నిలబెట్టే ఏర్పాటు) మెయిన్ బటన్ నొక్కితే డ్యాష్‌బోర్డులో పచ్చ లైటు వెలుగుతోంది. 80 కిలోమీటర్ల వేగంలో సెట్ నొక్కితే మాత్రం ఏమీ జరగడం లేదు, కాలు తీయగానే బండి స్లో అయిపోతోంది. మెకానిక్ చూసి మాడ్యూల్ (క్రూజ్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయింది, సెకండ్ హ్యాండ్‌ది ఎక్కడైనా వెతుక్కోండి అన్నాడు. చివర్లో మీరే ఒక మాట కలిపారు: "ఈ మధ్య వెనక బ్రేక్ లైట్లన్నీ ఎల్ఈడీకి మార్చాను, దానికీ దీనికీ సంబంధం ఉండదనుకుంటా."

ఉండొచ్చు. మీరు రాసినదాంట్లో నాకు మొదట అనుమానం వచ్చింది ఆ మాట మీదే. మాడ్యూల్ కోసం వెతకడం ఆపి, బ్రేక్ లైట్లలో ఒక్కదానికి పాత బల్బు, అంటే లోపల ఫిలమెంటు ఉండేది, మళ్లీ పెట్టి బండి తిప్పి చూడండి. పది నిమిషాల పని. అది పని చేస్తే మిగతాది చదవక్కర్లేదు. చెయ్యకపోతే కొంచెం ఓపిక పట్టండి, ఎందుకంటే ఇందులో చూడాల్సినవి చాలా ఉన్నాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం చిన్న చిన్న వస్తువులు.

ఈ యంత్రం బుద్ధి ఏమిటో తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది. కారులో మిగతా భాగాలన్నీ పని చెయ్యడానికి తయారైనవి. క్రూజ్ కంట్రోల్ మాత్రం పని మానెయ్యడానికి సాకు వెతుక్కునేలా తయారైంది. డ్రైవరు కాలు పెడల్ మీద లేనప్పుడు థ్రాటిల్‌ని, అంటే ఇంజినులోకి గాలి వెళ్లే దారి తలుపుని, తెరిచి పట్టుకునే పరికరం అది. దానికి ఏ కాస్త అనుమానం వచ్చినా వదిలెయ్యాలి, లేకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని మాడ్యూల్‌ని పిరికి గుమాస్తాలా కట్టారు. మెయిన్ స్విచ్ ఆన్‌లో ఉందా, బండి కనీస వేగం దాటిందా (చాలా కార్లలో ఇది 40 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది), బ్రేక్ వదిలి ఉందా, క్లచ్ వదిలి ఉందా, సెట్ బటన్ నిజంగానే నొక్కారా. ఈ సంతకాలన్నీ ఉంటేనే ఫైలు కదులుతుంది. ఒక్కటి తగ్గినా చెప్పాపెట్టకుండా ఊరుకుంటుంది, ఏ సంతకం తగ్గిందో కూడా చెప్పదు. కాబట్టి మీరు వెతకాల్సింది "ఏది పాడైంది" అని కాదు, "ఎవరు ఒప్పుకోవడం లేదు" అని. మాడ్యూల్ చాలాసార్లు బాగానే ఉంటుంది, తన పని తాను సరిగ్గా చేస్తూనే ఉంటుంది. మెకానిక్‌లు దాని మీదకు ఎందుకు తోస్తారంటే, అది నల్ల పెట్టె, లోపల ఏముందో ఎవరికీ కనపడదు.

దీన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కి అయిదేళ్ల వయసులోనే చూపు పోయింది. 1950లో ఆయనకు పేటెంటు వచ్చింది, క్రైస్లర్ 1958 మోడల్ కార్లలో మొదటిసారి పెట్టి అమ్మింది. పక్క సీట్లో కూర్చున్నప్పుడు నడిపే మనిషి మాటిమాటికీ వేగం పెంచుతూ తగ్గిస్తూ ఉంటే ఆ కుదుపులు భరించలేకే ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఆయన పేటెంటులోని ఊహ వేగం మించినప్పుడు యాక్సిలరేటర్ పెడల్ కాలికి ఎదురు తిరగాలన్నది. మీ కారులో ఉన్నది దానికి మనవడి వరస.

బానెట్ ఎత్తే ముందు సీట్లో కూర్చుని నాలుగు సంగతులు గమనించండి. స్పీడోమీటర్ ముల్లు నిలకడగా ఉందా. హారన్ మోగుతోందా. బ్రేక్ తొక్కితే లైట్లు వెలుగుతున్నాయా, వదిలితే నిజంగా ఆరిపోతున్నాయా. ఇది వెనక ఒక మనిషిని నిలబెట్టి చూడాలి, లేదా చీకటి పడ్డాక గోడకు దగ్గరగా వెనక్కి ఆపి అద్దంలో చూసుకోవాలి. ఇంజిన్ లైటు వెలిగి ఉందా. ఆ తర్వాత ఫ్యూజులు. క్రూజ్ ఫ్యూజు చాలా కార్లలో ఇంకేదో పనితో కలిసి ఉంటుంది, అందుకే మాన్యువల్ చూసి ఏ ఫ్యూజో తెలుసుకుని, బయటికి లాగి, మీటరుతో చూడండి. కంటికి బాగున్నట్టే ఉండి లోపల సన్నగా తెగిన ఫ్యూజులు నేను చాలా చూశాను. మీ బండిలో పచ్చ లైటు వెలుగుతోంది కాబట్టి మెయిన్ సప్లై వస్తున్నట్టే, ఫ్యూజు మీద నాకు పెద్ద అనుమానం లేదు.

ఇక అసలు సంగతి, బ్రేక్. నా అనుభవంలో "సెట్ అవ్వట్లేదు" అని వచ్చిన బళ్లలో సగానికి పైగా ఇక్కడే దొరికాయి.

ముందు ఎల్ఈడీ కథ. పాత కార్లలో చాలావాటికి బ్రేక్ లైట్లకు వెళ్లే వైరు నుంచే ఒక కొమ్మ మాడ్యూల్‌కి కూడా వెళ్తుంది. బ్రేక్ తొక్కితే ఆ వైరులో 12 వోల్టులు వస్తాయి, మాడ్యూల్ వెంటనే వదిలేస్తుంది. తొక్కనప్పుడు? అప్పుడు ఆ వైరు గాలిలో వేలాడదు, బల్బుల ఫిలమెంటు గుండా ఎర్త్‌కి (అంటే కారు బాడీకి, బ్యాటరీ నెగెటివ్‌కి) కలిసే ఉంటుంది. 21 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు ఫిలమెంటు రెసిస్టెన్సు 7 ఓమ్‌ల దాకా ఉంటుంది గానీ, చల్లగా ఉన్నప్పుడు ఒక ఓమ్ కూడా ఉండదు. అంటే మాడ్యూల్ కంటికి అది నేరుగా ఎర్త్ చేసిన వైరే. ఆ ఎర్త్ కనపడితేనే "బ్రేక్ వదిలి ఉంది, వైరు తెగలేదు, బల్బులు ఉన్నాయి" అని నమ్ముతుంది. మీరు అన్ని బల్బులూ తీసేసి ఎల్ఈడీలు పెట్టారు. ఎల్ఈడీ గుండా అలా ఎర్త్ దొరకదు, అది కొన్ని వోల్టులు వచ్చేదాకా కరెంటును పోనివ్వదు. మాడ్యూల్‌కి ఇప్పుడు అది తెగిపోయిన వైరులా కనిపిస్తుంది. తెగిన వైరుతో పని చెయ్యకూడదని దానికి నేర్పారు, అది పని చెయ్యడం లేదు. అంతే. అన్ని బ్రేక్ బల్బులూ ఒకేసారి కాలిపోయినా ఇదే జరుగుతుంది. ఒక్క ఫిలమెంటు బల్బు మిగిలినా పని నడుస్తుంది, అందుకే మీకు ఒక్కటి చాలు అన్నాను.

మీటరుతో చూసేవాళ్లు ఇక్కడ మోసపోతారు. మాడ్యూల్ కనెక్టర్ ఊడదీసి ఆ వైరు మీద వోల్టేజీ చూస్తే సున్నా చూపిస్తుంది, ఎర్త్ ఉన్నా సున్నానే, గాలిలో వేలాడుతున్నా ఇంచుమించు సున్నానే. వోల్టేజీ కాదు, రెసిస్టెన్సు చూడాలి. తాళం తీసేసి, బ్రేక్ వదిలి, ఆ వైరుకూ బాడీకీ మధ్య మీటరు పెట్టండి. ఫిలమెంటు బల్బులుంటే ఒకటి రెండు ఓమ్‌ల లోపే చూపిస్తుంది. ఎల్ఈడీలైతే వేలల్లో చూపిస్తుంది, లేదా అసలు ఏమీ చూపించదు.

బల్బుతో తేలితే పరిష్కారం కూడా బల్బే. వెనక అద్దం దగ్గర ఉండే మూడో బ్రేక్ లైటులో ఫిలమెంటు బల్బు ఉంచేసి, మిగతా రెండూ ఎల్ఈడీలు ఉంచుకోవచ్చు. బల్బుకు బదులు కరెంటు తాగే లోడ్ రెసిస్టర్ పెట్టమని చాలామంది చెబుతారు. పని చేస్తుంది, కానీ సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు బ్రేక్ తొక్కి నిలబడితే అది చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. దాన్ని ప్లాస్టిక్ మీదో డిక్కీ కార్పెట్ మీదో బిగించిన వాళ్లను చూశాను. పెట్టాల్సి వస్తే ఇనుప రేకు మీదే బిగించండి.

బల్బు పెట్టినా మారకపోతే బ్రేక్ పెడల్ పైన ఉండే స్విచ్ దగ్గరకు రండి. స్టీరింగ్ కింద తల పెట్టి టార్చి వేస్తే కనిపిస్తుంది. క్రూజ్ ఉన్న కార్లలో ఆ స్విచ్‌కి తరచుగా రెండు కాదు, నాలుగు వైర్లు ఉంటాయి. లోపల రెండు జతల కాంటాక్టులు. ఒక జత బ్రేక్ తొక్కితే కలుస్తుంది, లైట్లు వెలుగుతాయి. రెండో జత బ్రేక్ తొక్కితే విడిపోతుంది, క్రూజ్‌కి వెళ్లే కరెంటును నేరుగా తెంచేస్తుంది. అంటే మాడ్యూల్ బుద్ధి తప్పినా ఈ రెండో జత ఆపుతుంది. "బ్రేక్ లైట్లు బాగానే వెలుగుతున్నాయి, స్విచ్ బాగుంది" అని తేల్చేసే మెకానిక్ మొదటి జతను మాత్రమే చూశాడు. రెండోది పాడైందో లేదో లైట్లు చెప్పవు. మీటరు పెట్టి రెండు జతలూ విడివిడిగా చూడాలి: పెడల్ వదిలినప్పుడు ఒకటి కలిసి, ఒకటి విడిపోయి ఉండాలి, అర అంగుళం తొక్కగానే రెండూ తిరగబడాలి.

నా సొంత బండితో పడ్డ పాటు ఒకటి చెబుతాను. క్రూజ్ కొన్నాళ్లు ఉదయం పని చేసేది, మధ్యాహ్నం చేసేది కాదు. తర్వాత పూర్తిగా మానేసింది. నేను కూడా మాడ్యూల్ దాకా వెళ్లాను, స్టీరింగ్ కూడా విప్పాను. ఒక రోజు కారు కడుగుతుంటే డ్రైవరు వైపు మ్యాట్ మీద చిన్న చిన్న పచ్చటి ముక్కలు దొరికాయి, గోరుతో నలిపితే పొడి అయిపోతున్నాయి. ఏదో బొమ్మ విరిగిందనుకుని పారేశాను. మర్నాడు పొద్దున బ్యాటరీ డౌన్. అప్పుడు వెనక్కి వెళ్లి చూస్తే బ్రేక్ లైట్లు ఆరడం లేదు, రాత్రంతా వెలిగాయి. సంగతేంటంటే బ్రేక్ పెడల్ కడ్డీకి స్విచ్ ఎదురుగా ఒక చిల్లు ఉంటుంది, అందులో పావలా బిళ్లంత ప్లాస్టిక్ బిరడా కూర్చుని ఉంటుంది. పెడల్ పైకి వచ్చినప్పుడు ఆ బిరడా స్విచ్ పుల్లను లోపలికి నొక్కుతుంది. ఏళ్లు గడిచి బిరడా పెళుసెక్కి పొడైంది, స్విచ్ పుల్ల చిల్లులోంచి అవతలికి దూరింది. స్విచ్ దృష్టిలో బ్రేక్ ఎప్పుడూ తొక్కే ఉంది. ఉదయం చలికి గట్టిగా ఉన్న ముక్క ఎలాగో నెట్టుకొచ్చేది, ఎండకు మెత్తబడి జారేది. నలభై రోజులు నన్ను తిప్పింది ఆ బిరడా. కొత్తది నొక్కి కూర్చోబెట్టడానికి అర నిమిషం పట్టింది. మీరు మ్యాట్ ఎత్తి ఒకసారి చూడండి. ఆటోమేటిక్ గేర్ల బళ్లలో అయితే దీనికి ఇంకో గుర్తు ఉంది: బ్రేక్ తొక్కకుండానే గేరు లీవరు పార్క్‌లోంచి బయటికి వచ్చేస్తుంది.

స్విచ్ బాగుండి కూడా బిగింపు కొంచెం జరిగితే ఇదే తంతు. కొన్నింటికి మరలు ఉన్న ఒళ్లు, నట్టు ఉంటాయి. నట్టు వదులు చేసి స్విచ్‌ని పెడల్ వైపు తిప్పుతూ, లైట్లు ఆరిన చోట ఇంకో అర చుట్టు తిప్పి బిగించాలి. మరీ ముందుకు బిగిస్తే స్విచ్ పెడల్‌ని పూర్తిగా పైకి రానివ్వదు, బ్రేకులు అంటుకుని ఉంటాయి. పెడల్‌కి కాస్త ఆట ఉండాలి.

ఇక్కడే గట్టిగా ఒక మాట. స్విచ్ వైర్లు రెండూ కలిపి చుట్టేసి "ఇప్పుడు పని చేస్తోంది" అనే పనివాళ్లు ఉన్నారు. పని చేస్తుంది నిజమే, బ్రేక్ తొక్కినా వదలని క్రూజ్ మీ చేతికొస్తుంది. పరీక్ష కోసం కూడా రోడ్డు మీద అలా నడపకండి.

ఫోర్డ్ బళ్లు వాడేవాళ్ల కోసం ఒకటి కలుపుతాను. 1990ల నుంచి 2000ల మొదటి ఏళ్ల దాకా వచ్చిన వాళ్ల మోడళ్లు కొన్నింటిలో బ్రేక్ మాస్టర్ సిలిండర్ దగ్గర ప్రెషర్‌తో పని చేసే క్రూజ్ కట్ స్విచ్ ఒకటి ఉంటుంది. అందులోంచి బ్రేక్ ఆయిల్ కారి, తాళం తీసేసినా స్విచ్‌లో కరెంటు ఉండడం వల్ల, ఆపి ఉంచిన బళ్లకు నిప్పంటుకుంది. 1999లో మొదలై 2009 దాకా విడతలుగా కోటీ నలభై లక్షలకు పైగా వాహనాలను అమెరికాలో వెనక్కి పిలిచారు. పాత ఫోర్డ్‌లో క్రూజ్ ఉన్నట్టుండి ఆగిపోతే, ఆ స్విచ్ కనెక్టర్ ఊడదీసి లోపల తడి ఉందేమో చూడండి. ఉంటే కనెక్టర్ మళ్లీ పెట్టకుండా బండిని రిపేరుకి పంపండి.

మీది మాన్యువల్ గేర్ల బండి కాబట్టి క్లచ్ పెడల్ మీద కూడా ఇలాంటి స్విచ్ ఒకటి ఉంటుంది. క్లచ్ తొక్కితే ఇంజిను ఒక్కసారిగా అరవకుండా క్రూజ్‌ని తెంచడానికి. ఇక్కడా అదే బిరడా, అదే బిగింపు. ఒక అలవాటు కూడా చూసుకోండి: ఎడమ కాలు క్లచ్ మీద ఆనించి నడుపుతారా? ఆ కాస్త బరువుకే స్విచ్ విడిపోతుంది. ఇది విని నవ్వినవాళ్లలో ఇద్దరి బళ్లకు రోగం అదే.

వేగం సంకేతం గురించి తొందరగా చెప్పేస్తాను. స్పీడోమీటర్ నిలకడగా పని చేస్తుంటే, చాలా కార్లలో క్రూజ్‌కీ అదే సెన్సర్ కాబట్టి, అటువైపు బాగానే ఉన్నట్టు. ముల్లు వణుకుతున్నా, ఉన్నట్టుండి సున్నాకు పడి లేస్తున్నా ముందు దాన్ని బాగు చేయించండి, లేదంటే క్రూజ్ సెట్ అయినా క్షణాల్లో వదిలేస్తుంది. ఇంకా పాతవాటిలో స్పీడో కేబుల్ ఉంటుంది, మీటరు వెనక అయస్కాంతం, అది దగ్గరికొస్తే కలిసే చిన్న రీడ్ స్విచ్ ఉంటాయి. అక్కడ ముల్లు బాగున్నా రీడ్ స్విచ్ పోవచ్చు. మీటరు పెట్టి, చక్రం మెల్లగా తిప్పిస్తే సిగ్నల్ వైరులో వోల్టేజీ లేస్తూ పడుతూ కనిపించాలి. ఒక జాగ్రత్త: చక్రాలు గాల్లోకి లేపి, ఇంజిను నడిపి క్రూజ్ సెట్ చేసి చూద్దామనే ఆలోచన వద్దు. లోడు లేని ఇంజిను మీద అది ఎలా ప్రవర్తిస్తుందో చెప్పలేం, స్టాండు మీద నుంచి బండి జారితే ఆపేవాడు ఉండడు.

స్టీరింగ్ మీద బటన్లు ఉంటే హారన్ మీకు సాక్షి. హారన్‌కీ క్రూజ్ బటన్లకీ వైర్లు స్టీరింగ్ కింద చుట్టలా తిరిగే రిబ్బన్ కేబుల్ గుండానే వస్తాయి. హారన్ మోగక, క్రూజ్ పని చెయ్యక, ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలుగుతుంటే ఇక వెతకక్కర్లేదు, ఆ రిబ్బన్ తెగింది. హారన్ మోగుతున్నా రిబ్బన్‌లో వేరే వైరు తెగి ఉండొచ్చు; స్టీరింగ్ ఒక వైపు తిప్పినప్పుడు బటన్లు పని చేసి, మరోవైపు చెయ్యకపోతే అనుమానించండి. చాలా కార్లలో సెట్, రెజ్యూమ్, క్యాన్సిల్ అన్నీ ఒకే వైరు మీద వస్తాయి, ఒక్కో బటన్ వెనక ఒక్కో రెసిస్టరు. కాబట్టి కాంటాక్టుల్లో మట్టి పట్టి రెసిస్టెన్సు కాస్త మారినా మాడ్యూల్‌కి ఏ బటనో అర్థం కాదు. రెజ్యూమ్ పని చేసి సెట్ చెయ్యకపోవడం లాంటి వింతలు ఇందువల్లే. బటన్లు విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలాసార్లు బాగవుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ అయితే బ్యాటరీ నెగెటివ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాకే చెయ్యి పెట్టండి. ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్లే పసుపు కనెక్టర్లకు మీటరు పెట్టకండి. ఈ పని చేసిన అనుభవం లేకపోతే ఇది ఒక్కటీ మీరు చెయ్యకపోవడమే మేలు.

ఇంతవరకూ చెప్పినవన్నీ సంతకాలు. అన్ని సంతకాలూ ఉండి, సెట్ నొక్కాక ఫైలు కదిలాక కూడా బండి లాగకపోతే అప్పుడు కండ దగ్గరకు రావాలి, అంటే థ్రాటిల్‌ని లాగే భాగం దగ్గరకు. ఆ కాలం కార్లలో ఇది రెండు రకాలు. ఒకటి వాక్యూమ్‌తో, అంటే ఇంజిను గాలి పీల్చే శక్తితో, పని చేసేది: అరచేతిలో పట్టేంత గుండ్రటి డబ్బా, లోపల రబ్బరు డయాఫ్రమ్ (కదిలే పల్చటి పొర), దానికి ఒక కేబుల్ లేదా పూసల గొలుసు. ఇంకోటి చిన్న మోటరు, దానితో పాటు కరెంటు పోతే వెంటనే వదిలేసే అయస్కాంత క్లచ్. బానెట్ ఎత్తి థ్రాటిల్ దగ్గర చూడండి. రెండు కేబుళ్లు వచ్చి ఉంటే, ఒకటి మీ పెడల్ నుంచి, రెండోది క్రూజ్ నుంచి. రెండోదాన్ని పట్టుకుని వెళ్తే ఏ రకమో తెలుస్తుంది. ఒకే కేబుల్ ఉంటే లేదా అసలు కేబులే లేకపోతే మీ బండి పద్ధతి వేరు, ఈ భాగం వదిలెయ్యండి.

వాక్యూమ్ రకం గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే పాత కార్లలో బ్రేక్ స్విచ్ తర్వాత తప్పంతా ఇక్కడే ఉంటుంది, పైగా దీనికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. ముందు చూడాల్సింది రబ్బరు పైపులు. పాతికేళ్లు ఇంజిను వేడి తిన్న సన్నటి పైపు బయటికి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది, కొస దగ్గర వంచి చూస్తే పర్రెలు విచ్చుకుంటాయి. ప్రతి పైపునూ రెండు కొసలా వంచి చూడండి, మోచేతిలా తిరిగే చిన్న రబ్బరు ముక్కలను మరీ జాగ్రత్తగా. మంచి ఇంజిను ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తున్నప్పుడు, 17 నుంచి 21 అంగుళాల మెర్క్యురీ వాక్యూమ్ ఇస్తుంది. గేజి ఉంటే డబ్బాకి వచ్చే పైపు దగ్గర కూడా ఇంచుమించు అంతే ఉందో లేదో చూడండి. గేజి లేకపోతే పైపు కొసన వేలు పెట్టండి, వేలిని గట్టిగా పీల్చి పట్టుకోవాలి.

తర్వాత డయాఫ్రమ్. ఇంజిను ఆపి, డబ్బా మీది పైపు తీసెయ్యండి. కేబుల్ వైపు నుంచి డయాఫ్రమ్‌ని చేత్తో లోపలికి పూర్తిగా నొక్కండి, నొక్కి ఉంచే పైపు చిల్లును వేలితో మూసి, డయాఫ్రమ్‌ని వదలండి. చిల్లు మూసి ఉన్నంతసేపూ అది లోపలే ఉండాలి. మెల్లగా బయటికి జారిపోతుంటే రబ్బరు చిరిగింది. కొన్నింటిలో డబ్బా మీదే వాల్వులు కూడా ఉంటాయి. వాటిలో గాలి వదిలే వాల్వు కరెంటు లేనప్పుడు తెరుచుకునే ఉంటుంది, కావాలనే అలా పెట్టారు. అలాంటి డబ్బాకి ఈ పరీక్ష చేసి "గాలి నిలవట్లేదు" అని పారేస్తే బాగున్నదాన్నే పారేసినట్టు. అన్ని చిల్లులూ మూసి చూడాలి.

బ్రేక్ పెడల్ దగ్గర, మాన్యువల్ బళ్లలో క్లచ్ దగ్గర కూడా, కరెంటు స్విచ్ పక్కనే సన్నటి పైపు వచ్చే వాల్వు ఒకటి ఉండొచ్చు. పెడల్ తొక్కగానే పైపులోకి గాలి వదిలి, మాడ్యూల్‌తో పని లేకుండానే థ్రాటిల్‌ని వదిలించేస్తుంది. అది సరిగ్గా మూసుకోకపోతే సెట్ అయినట్టే అయి, బండి నెమ్మదిగా వేగం కోల్పోతుంది. పెడల్ దగ్గర చెవి పెడితే సన్నటి "స్‌స్" శబ్దం వినిపిస్తుంది. ఈ వాల్వుని తాత్కాలికంగా బిరడా కొట్టి చూడొచ్చు అని ఎవరైనా చెబితే, నిలబెట్టిన బండిలో చేతి వాక్యూమ్ పంపుతో పరీక్షించడానికి మాత్రమే, రోడ్డు మీదికి కాదు.

ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వేగం పడిపోతుంటే అది వేరే కథ. థ్రాటిల్ ఎక్కువ తెరుచుకున్నప్పుడు ఇంజినులో వాక్యూమ్ తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే క్రూజ్‌కి ఎక్కువ కావాలి. అందుకోసం ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి, దాని ముందు ఒకవైపే పోనిచ్చే వాల్వు ఒకటి పెడతారు. ఆ వాల్వుని తీసి నోటితో ఊదితే ఒకవైపు నుంచి గాలి పోవాలి, ఇంకోవైపు నుంచి అసలు పోకూడదు. రెండువైపులా పోతే మార్చండి, చాలా చిన్న వస్తువు. ట్యాంకు బంపరు వెనకో ఫెండరు లోపలో ఉంటుంది, చిన్న డాష్ కొట్టిన పాత బళ్లలో అది పగిలి ఉన్నా ఎవరూ చూడరు.

కేబుల్ సంగతి. కాస్త లూజు ఉండాలి, రెండు మూడు మిల్లీమీటర్లు. మరీ వేలాడుతుంటే సెట్ నొక్కగానే వేగం పడి, మళ్లీ ఎగిరి, ఊయల ఊగినట్టు పైకీ కిందికీ పోతుంటుంది. మరీ బిగుతైతే ఐడిల్ పెరుగుతుంది. తుప్పు పట్టి లోపల పట్టేసే కేబుల్‌ని నూనె పోసి సరిపెట్టకండి, మార్చండి. అది థ్రాటిల్‌ని తిరిగి రానివ్వకపోతే క్రూజ్ ఆఫ్‌లో ఉన్నా ప్రమాదమే.

మోటరు రకంలో ఇంట్లో చూడగలిగింది తక్కువ. కనెక్టర్‌లో పచ్చగా తుప్పు పట్టిందా, అయస్కాంత క్లచ్ కాయిల్ తెగిందా అని మీటరుతో చూడటం, అంతే. కాయిల్ రెసిస్టెన్సు ఎంత ఉండాలో మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది, కొలిస్తే అసలు ఏమీ రాకపోతే మాత్రం మాన్యువల్ కూడా అక్కర్లేదు. ఆ కాలం జపాన్ కార్లు కొన్నింటిలో ఒక మేలు ఉంది: మాన్యువల్‌లో చెప్పిన రెండు పిన్నులు కలిపితే డ్యాష్‌లోని క్రూజ్ లైటే మినుకుమినుకుమని తప్పు ఎక్కడుందో అంకెల్లో చెబుతుంది. మీ మోడల్‌కి ఆ సౌకర్యం ఉందేమో ముందే చూసుకోండి, ఇంత తిప్పట తప్పుతుంది.

మాడ్యూల్ గురించి ఆఖర్న. అది పోదని కాదు. పోయేది ఎక్కువగా లోపల చిప్పులు కావు, టంకాలు. ఏళ్ల తరబడి వేడి, చలి, కుదుపులకు పెద్ద పిన్నుల చుట్టూ, కనెక్టర్ కాళ్ల చుట్టూ టంకం మీద జుట్టంత సన్నగా గుండ్రటి పగులు వస్తుంది. భూతద్దం పెట్టి, లైటు పక్కనుంచి వేస్తే కనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు పని చేసి వేడెక్కితే ఆగిపోయే క్రూజ్‌కి, లేదా డ్యాష్‌బోర్డు మీద కొడితే బతికే క్రూజ్‌కి ఇది చూడండి. టంకం వేసే చెయ్యి తిరిగినవాళ్లు పాత టంకం పీల్చేసి కొత్తది పెడితే సరిపోతుంది. సెకండ్ హ్యాండ్ మాడ్యూల్ తెస్తే దాని టంకాలకూ అంతే వయసు ఉంటుందని మర్చిపోకండి, పైగా పార్టు నంబరు చివరి అక్షరంతో సహా కలవాలి.

మీరు ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ముందు బల్బు. అది తేల్చకపోతే మాడ్యూల్ కనెక్టర్ ఊడదీసి, వైరింగ్ బొమ్మ దగ్గర పెట్టుకుని, వైరు వైపు నుంచి ఈ కొలతలు తీసుకోండి. తాళం ఆన్, మెయిన్ బటన్ ఆన్ చేసి సప్లై వైరులో బ్యాటరీ వోల్టేజీ. తాళం తీసేసి, ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య రెసిస్టెన్సు, ఇంచుమించు సున్నా రావాలి. మళ్లీ తాళం ఆన్ చేసి, బ్రేక్ లైటు వైరు: వదిలితే సున్నా, తొక్కితే 12, దీనికే తాళం తీసేశాక ఎర్త్‌కి రెసిస్టెన్సు కూడా. బ్రేక్ స్విచ్ రెండో జత వైరు ఉంటే: వదిలితే 12, తొక్కితే సున్నా. క్లచ్ స్విచ్ వైరు, తొక్కినప్పుడూ వదిలినప్పుడూ. సెట్ నొక్కినప్పుడు బటన్ల వైరులో మార్పు. వీటిలో ఏది తేడాగా వచ్చినా ఒప్పుకోనిది అదే. అన్నీ సరిగ్గా వచ్చి, బానెట్ కింద పైపులూ డబ్బా కూడా బాగుంటే, అప్పుడు మీ మెకానిక్ మాట నిజం, మాడ్యూల్ విప్పండి. బండి మోడల్, ఈ అంకెలు రాసి పెడితే ఏ వైరు వెంట వెళ్లాలో చెబుతాను.